ముద్దు చేయకూడని పిల్లలు: బెంగళూరులో నా వాలంటీర్ అనుభవం

ఆఫ్రికా వెళ్లి తల్లిలేని ఖడ్గమృగం పిల్లలకు సీసాతో పాలు పట్టాలని నాకు చాలాకాలంగా ఉండేది. దక్షిణాఫ్రికాలో ఒక్క 2014లోనే వేటగాళ్లు 1,215 ఖడ్గమృగాలను చంపారు. కొమ్ము కోసుకుని తల్లిని అక్కడే పడేసి పోతే, పాలు మరవని పిల్ల ఆ శవం చుట్టూనే తిరుగుతూ ఉండిపోతుంది. పాలు, నీళ్లు లేక సొమ్మసిల్లుతుంది, లేకపోతే రాత్రికి హైనాల నోట పడుతుంది. ప్రాణంతో దొరికినవాటికి కళ్లకు గంతలు కట్టి, చెవులు మూసి, వాటి కోసమే ఉన్న కేంద్రాలకు చేరుస్తారు. లింపోపో రాష్ట్రంలో అలాంటి కేంద్రం 2012లో మొదలైంది. 2024కి వేట లెక్క 420కి దిగింది. తగ్గిందని సంతోషిద్దామంటే, ఆ ఏడు కూడా రోజుకు ఒకటికి మించే పోయాయి.

అటు వెళ్లి వాలంటీరుగా చేయాలంటే డబ్బు మనమే కట్టాలి. అందులో తప్పేం లేదు, పాలపొడీ కాపలావాళ్ల జీతాలూ ఎక్కడినుంచి రావాలి మరి. నేను రాసిన ఏజెన్సీ వాళ్లు చెప్పిన మొత్తానికి విమానం టికెట్టు, వీసా ఖర్చులు కలిపి చూస్తే, మారతహళ్లిలో నేనుంటున్న ఇంటికి కట్టిన పది నెలల అడ్వాన్సును దాటిపోయింది. సరే, ఇంకో రెండేళ్లు దాచుకుందాం అనుకున్నా. నా మనసు విరిచింది డబ్బు కాదు, వాళ్లు పంపిన బ్రోషర్. అందులో ఖడ్గమృగాల పేజీ పక్కనే ఒక మధ్యాహ్నం సింహం పిల్లల్ని ఒళ్లో పెట్టుకోవడం ‘బోనస్’ అని రాసి ఉంది.

ఆ దేశంలో ఈ ఒళ్లో పెట్టుకునే వ్యాపారం గురించి అప్పటికే కొంత చదివి ఉన్నా. ఆ సింహం పిల్లలకు తల్లులు లేక కాదు. పుట్టిన కొద్దిరోజులకే తల్లి దగ్గర్నుంచి లాగేసి, డబ్బు కట్టి వచ్చినవాళ్ల చేత పాలసీసాలు పట్టిస్తారు. కాస్త పెరిగాక టూరిస్టుల పక్కన నడిపిస్తారు. ఇంకా పెరిగితే కంచె వేసిన అడవిలో వదిలి వేటకు అమ్మేసిన చోట్లున్నాయి. మనిషంటే బెదురు లేని సింహం తుపాకీ పట్టుకున్నవాణ్ణి చూసినా పారిపోదు. ఆఫ్రికాలో అందరూ ఇలాంటివాళ్లే అనడం లేదు. కానీ పిల్లల్ని ఎత్తుకోనిస్తామని ముందే ఆశపెట్టే చోటికి ఎప్పుడూ వెళ్లకూడదని ఆ రోజే తీర్మానించుకున్నా.

మా ఆఫీసులో పక్క టీములో పనిచేసే ఒంగోలు అబ్బాయి ఈ గోలంతా విని, "అక్కా, ఖడ్గమృగాలే కావాలా? ఇక్కడ మన ఊళ్లోనే ఉడుతలకి దిక్కు లేదు" అన్నాడు. బెంగళూరు దక్షిణం అంచున గాయపడిన, తల్లి తప్పిపోయిన అడవి జీవులను చూసుకునే రెస్క్యూ సెంటర్ ఒకటి ఉందని, వాళ్ల చెల్లెలు కొన్నాళ్లు అక్కడ పనిచేసిందని చెప్పాడు. బెంగళూరులో అడవి జంతువులా అని మనవాళ్లు నవ్వుతారు గానీ, ఈ ఊళ్లో చెట్టున్న ప్రతిచోటా ఏదో ఒకటి బతుకుతూనే ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలో రాత్రిపూట దేవాంగ పిల్లులు (స్లెండర్ లోరిస్‌లు) తిరుగుతాయి. అరచేతి మీద కూర్చోగలిగినంత ఒళ్లు, దానికి తగని పెద్ద కళ్లు. అమావాస్య పూజలకని వాటిని పట్టి అమ్మే వెధవలు కూడా ఇదే ఊళ్లో ఉన్నారు.

ఫారం నింపడం తేలికే. పద్దెనిమిదేళ్లు నిండాలి, కనీసం మూడు నెలలపాటు వారానికి ఒక పూట ఖచ్చితంగా రావాలి, ఏమైనా జరిగితే బాధ్యత నాదేనని సంతకం పెట్టాలి. అసలు అడ్డంకి రేబిస్ టీకా. కరిచాక వేసేది కాదు, ముందుగానే వేయించుకునేది. మొదటి రోజు, 7వ రోజు, మళ్లీ 21 లేదా 28వ రోజు. మా వీధి చివర క్లినిక్‌లో ఆయన సూది చేతిలో పట్టుకుని, "కుక్క ఎక్కడ కరిచింది?" అని అడిగాడు. ఇంకా ఏదీ కరవలేదండీ, ఇకముందు కరవచ్చు అంటే నావైపు అదోలా చూశాడు. ఈ కోర్సు పూర్తయినవాళ్లను రేపు ఏదైనా కరిస్తే రెండు బూస్టర్లు సరిపోతాయి, గాయం చుట్టూ పొడిచే ఆ ఖరీదైన ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. అంతేగానీ, టీకా ఉంది కదా అని గాయాన్ని సబ్బుతో పావుగంట కడగకుండా వదిలేయకూడదు. మా బ్యాచ్‌లో సగం మంది ఈ టీకా దగ్గరే ఆగిపోయారు. వాళ్లను తప్పుపట్టను, కానీ ఇది దాటనివాళ్లను గబ్బిలాలు, కోతులున్న వైపు అడుగు పెట్టనివ్వరు.

ఓరియంటేషన్ రోజు చెప్పినవాటిలో ‘వద్దు’లే ఎక్కువ. సెంటు వద్దు, గాజులు వద్దు, మెరిసే రంగులు వద్దు, బోనుల ముందు నవ్వొద్దు, ఫోన్ లాకర్లోంచి బయటికి రావద్దు. జంతువులకు పేర్లు పెట్టొద్దు, నంబర్లతోనే పిలవాలి. ఇది నాకు మొదట మరీ చాదస్తంగా అనిపించింది. పెంపుడు కుక్కపిల్లను చూస్తే మనం గొంతు మార్చి ముద్దుగా మాట్లాడతామే, అది అక్కడ పెద్ద నేరం. బోనుల బాధ్యతంతా చూసుకునే పెద్దాయనది ముళబాగిలు దగ్గర పల్లె. అటువైపు ఇళ్లలో తెలుగే, కాకపోతే మా మదనపల్లె తెలుగుకి ఇంకాస్త కన్నడ వాసన తగిలినట్టుంటుంది. మొదటి వారం నేనొక గుడ్లగూబ ముందు నిలబడి చూస్తుంటే వెనకనుంచి అన్నాడు: "పాపా, ఆటితో కండ్లు కలపొద్దు. నీకు మాట్లాడాలనుంటే నాతో మాట్లాడు, నేనుండా కదా."

పని ఆరున్నరకు మొదలవుతుంది. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ పట్టకముందే దాటాలంటే నేను చీకటితోనే బయల్దేరాలి. వెళ్లగానే గేటు దగ్గర పొటాషియం పర్మాంగనేట్ కలిపిన ఊదారంగు నీళ్లలో బూట్లు ముంచి లోపలికి. మొదటి గంటన్నర వంటగది. బొప్పాయి గింజలు తీసి ముక్కలు, అరటిపండు తొక్కతో సహా, కీర, మొలకెత్తిన పెసలు, ఉడికించిన గుడ్డు. గోడమీద పెద్ద బోర్డు, దానిమీద ఏ బోనుకు ఏది ఎన్ని గ్రాములో. అందాజుగా వేయడం కుదరదు, ప్రతి గిన్నే తూకం మీదికి ఎక్కాలి. రాత్రికి ఎంత మిగిలిందో కూడా తూచి రాస్తారు, తిండి తగ్గడమే జబ్బుకు మొదటి కబురు. గద్దలకు కోడిమాంసం ఎముకతో సహా కొట్టి పెట్టాలి, ఉత్త కండ పెడితే కాల్షియం చాలక పిల్లల ఎముకలు వంగిపోతాయి. మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు. మా అమ్మకు ఈ కోడిమెడల సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత కడగడం. వాలంటీర్ పనిలో నూటికి ఎనభై పాళ్లు ఇదే అనుకోండి. పాత పేపర్లు తీసి చుట్టి పడేయాలి, ట్రే గీకాలి, బ్లీచింగ్ నీళ్లు పోసి ఆరనివ్వాలి, కొత్త పేపర్లు పరవాలి. చేతులు ఎంత కడిగినా ఇంటికొచ్చాక ఇంకా వాసన వస్తున్నట్టే ఉండేది. ఫోన్‌లో మా అమ్మ ఊరుకుంటుందా: "ఇంట్లో తాగిన కాఫీ గ్లాసు కడగవు, ఆడికిపోయి గబ్బిలాల పెంట ఎత్తుతాండావా?" అని. నిజమే మరి.

నాకు ఇష్టమైన పని దొరకడానికి చాలా వారాలు పట్టింది. అది ఉడుతపిల్లల గది.

ఎండాకాలం మొదట్లో, మళ్లీ వానలు ముగిసే సమయంలో ఉడుతపిల్లలు అట్టపెట్టెల్లో వస్తూనే ఉంటాయి. కొబ్బరిమట్టలు కొట్టించినప్పుడు, ఏసీ బయటి డబ్బా శుభ్రం చేయించినప్పుడు, వాడకుండా పెట్టిన స్కూటర్ సీటు ఎత్తినప్పుడు గూడు కింద పడుతుంది. పీచు, దూది, ఎవరిదో చిరిగిన బనియన్ ముక్క, వాటి మధ్యలో బొటనవేలంత పిల్లలు రెండు మూడు. వీపున ఆ మూడు చారలు అప్పటికే గీసి ఉంటాయి, కళ్లు మాత్రం తెరవవు. మూడు వారాల ప్రాంతంలో గానీ తెరవవు.

వచ్చిన పిల్లకు వెంటనే పాలు పట్టకూడదు. నేర్చుకున్నవాటిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, బయట ఎవరికీ తెలియనిదీ ఇదే. ముందు వెచ్చదనం. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు పేగులు పనిచేయవు, పట్టిన పాలు లోపలే పులిసిపోతాయి. వేడినీళ్ల సీసాను టవల్‌లో చుట్టి పక్కన పెట్టి, ఒళ్లు వేడెక్కేదాకా ఆగాలి. తర్వాత మెడ వెనక చర్మం రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగి వదలాలి. వెంటనే వెనక్కి పోకుండా మడతలాగే నిలిచిపోతే ఒంట్లో నీళ్లు తగ్గాయని లెక్క. అప్పుడు పలచగా కలిపిన ఓఆర్ఎస్. ఆ తర్వాతే పాలు, అదీ కుక్కపిల్లలకిచ్చే పాలపొడి కలిపి. ఆవుపాలు పట్టారా, అందులోని లాక్టోజ్ అనే చక్కెర అరగక పొట్ట ఉబ్బి, విరేచనాలై రెండు రోజుల్లో పోతుంది. జాలిపడి ఇంట్లో ఇంక్ ఫిల్లర్‌తో ఆవుపాలు పట్టి, మూడో రోజు మాదగ్గరికి తెచ్చేవాళ్లే ఎక్కువ.

పాలు పట్టేది ఒక మిల్లీలీటరు సిరంజితో. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టకూడదు, అదేమీ మనిషి పిల్ల కాదు. తల పైకి ఉండేలా, బోర్లా కాస్త ఏటవాలుగా పట్టుకోవాలి. ఒక చుక్క పెదవుల మీద పెడితే అది నాకాలి, అది నాకాకే రెండో చుక్క. తొందరపడి పిస్టన్ నొక్కితే పాలు ముక్కులోంచి బయటికి వస్తాయి, కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ తర్వాత న్యుమోనియా. రెండు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. రాత్రి డ్యూటీ జీతగాళ్లది, నావి పగటి విడతలే. పాలయ్యాక ఇంకో పని ఉంది, కొత్తవాళ్లు ముఖం చిట్లించే పని. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొట్ట కింద మెల్లగా రాయాలి. తల్లి నాకితే తప్ప అంత చిన్న పిల్లలు ఒంటికి కూడా పోలేవు. నాకడం మనకు కుదరదు కాబట్టి దూది. మొదటిసారి నా చేతిలో పిల్ల పోసిన ఒక్క బొట్టు చూసి గట్టిగా ‘వచ్చింది!’ అన్నాను, పక్కన డాక్టరమ్మ వేలు పెదవులమీద పెట్టింది.

ఒక్కొక్కదాన్ని రోజూ గ్రాముల త్రాసు మీద పెట్టి బరువు రాయాలి. పది నుంచి పన్నెండు అయితే ఆ పూట మా గదిలో పండగ. ఉడుతా భక్తి అని వారధి కట్టిన ఉడుత గురించి ఎన్నిసార్లో విని ఉంటాం గానీ, ఆ ఉడుతకి పాలు పట్టడం ఎంత కష్టమో ఆ కథలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఖడ్గమృగాల దగ్గరికి వస్తా. మా డాక్టరమ్మ బెంగళూరు రాకముందు కొంతకాలం అస్సాంలో పనిచేసింది. కాజీరంగా పక్కనే వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అస్సాం అటవీశాఖ కలిసి 2002లో మొదలుపెట్టిన సంరక్షణ కేంద్రం ఉంది. బ్రహ్మపుత్ర పొంగినప్పుడు జంతువులన్నీ హైవే దాటి కార్బీ ఆంగ్లాంగ్ కొండల వైపు పరిగెత్తుతాయి. ఆ తొక్కిసలాటలో, ఆ ప్రవాహంలో ఖడ్గమృగం పిల్లలు తల్లుల్నుంచి విడిపోతాయి. అక్కడ అనాథలను చేసేది ఎక్కువగా వరదే. వాటిని పడవల్లో తెచ్చి పెంచుతారు. ఒకసారి టీ తాగుతూ నేను నా పాత కోరిక చెప్పేసరికి ఆమె పడీపడీ నవ్వింది. "పుట్టినప్పుడే యాభై, అరవై కిలోలుంటుందమ్మా. నువ్వు దానికి పాలు పట్టడం కాదు, అది నిన్ను గోడకి తోసి తాగుతుంది" అంది.

తర్వాత చెప్పిన సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. ఉడుతపాలు కొవ్వు దండిగా ఉండి చిక్కగా ఉంటాయి. ఖడ్గమృగం పాలు అందుకు పూర్తిగా ఎదురు. అందులో కొవ్వు దాదాపు ఉండదు, నల్ల ఖడ్గమృగం పాలలో అయితే 0.2 శాతమే. పల్చగా, తీయగా ఉంటాయి. అంత పెద్ద జంతువు కదా, పిల్లకు బలం రావాలని గేదెపాలు పోస్తే అది విరేచనాలతో చస్తుంది. అందుకే వెన్న తీసిన పాలపొడి వాడతారు. ఉడుతకి ఏ లాక్టోజ్ విషమో, ఖడ్గమృగానికి అదే తిండి. ఒకే మాట ఇద్దరికీ చెప్పలేం, ‘అనాథ జంతువులకు పాలు’ అనే వస్తువే లేదు అంది ఆమె. నా బ్రోషర్‌లో ఇవేవీ లేవు.

పెంచడం సగం పని, వదలడం మిగతా సగం. కాజీరంగా పక్కన పెరిగిన ఖడ్గమృగాలను 2006 నుంచి అస్సాంలోనే ఉన్న మానస్ అడవికి తరలిస్తున్నారు. 1990లలో అల్లర్ల కాలంలో మానస్‌లో ఉన్న ఖడ్గమృగాలన్నీ వేటకు పోయాయి, ఒక్కటీ మిగల్లేదు. మనుషుల చేతిలో సీసాపాలు తాగి పెరిగినవి అక్కడికి వెళ్లి, మొదట విశాలమైన కంచెలో చాలాకాలం గడిపి, తర్వాత అడవిలో కలిసి, పిల్లల్ని కూడా కన్నాయి. ఒంటరిగా పెంచరు, ఒకే ఈడు పిల్లలను జతచేస్తారు. పాలు మానగానే మనిషి కనబడటం తగ్గిస్తారు. పెంచిన మనిషి కంచె దగ్గరికొస్తే అది పరిగెత్తుకు రాకూడదు. రాకపోతేనే మనం గెలిచినట్టు అని ఆమె చెప్పినప్పుడు, పేర్లు పెట్టొద్దన్న రూలు మీద నాకున్న గొణుగుడు ఆగిపోయింది.

అది ఎంత నిజమో కళ్లారా చూసింది మాత్రం కోతి దగ్గర.

ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు తెచ్చారు. దక్షిణాది కోతి, నెత్తిన టోపీ పెట్టినట్టు పాపిడి తీసుకుని ఉంటుందే, అది. తల్లి ట్రాన్స్‌ఫార్మర్ మీద కరెంటు తగిలి చచ్చిపోతే, పొట్టను కరుచుకుని ఉన్న పిల్లను వీళ్లు ఇంటికి తెచ్చుకున్నారు. ఆ పూట వాళ్లు చేసింది మంచిపనే. కానీ ఏడాదిన్నర ఉంచుకున్నారు. వచ్చేటప్పటికి దానికి డైపర్, దానిమీద చారల టీషర్టు. బిస్కెట్లు, మ్యాగీ తప్ప ఇంకేం తినదు. చింటూ అని పేరు. ఇంట్లో పిల్లాడి చెయ్యి కొరికాక మేం గుర్తొచ్చాం. ఆవిడ ఏడ్చింది పాపం, బోను దగ్గర్నుంచి ఎంతకీ కదల్లేదు. కోతి కూడా ఏడ్చింది, అచ్చం మనిషి పిల్లలాగే చేతులు చాపి.

ఆ వారం నేను దాని బోనుకు అడ్డంగా పచ్చ గుడ్డ కట్టే పనిలో ఉన్నా. మనుషులు కనపడకూడదని. పెద్దాయన కింది రేకు తలుపులోంచి గిన్నె తోసేవాడు, ముఖం చూపించకుండా. బొప్పాయి తీసి విసిరికొట్టింది, మొలకలు విసిరికొట్టింది. గుడ్డ చివర కొంచెం ఎగిరినా దాని సందులోంచి చెయ్యి బయటికొచ్చేది, అరచెయ్యి పైకి పెట్టి వేళ్లు ఆడిస్తూ. నల్లటి చిన్న గోళ్లు, అరచేతిలో మనకున్నట్టే గీతలు. పట్టుకోవాలనిపించదా? ఎవరికైనా అనిపిస్తుంది. పక్కనే పెద్దాయన "గమ్మునుండు పాపా, అది అడిగేది నిన్ను కాదు, వాళ్లమ్మని" అన్నాడు. పక్క బోనులో చెయ్యి విరిగి కోలుకుంటున్న ముసలి ఆడకోతిని కొన్నాళ్లు వలకు అటువైపు ఉంచారు. మొదట దాన్ని చూసి ఇది మూలకు నక్కింది. కోతి భాష రాని కోతి. పెద్దది పళ్లు చూపిస్తే అది బెదిరింపో స్నేహమో దీనికి తెలియదు, అవన్నీ గుంపులో నేర్చుకోవాల్సినవి. చాలాకాలానికి వలలోంచే ముసలిది దీని వీపు మీద పేలు చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడది ఇంకొన్ని అనాథ కోతులతో పెద్ద ఆవరణలో ఉంది. బయటికి వదలగలమా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఆకులు తింటోంది, మనుషులొస్తే మాత్రం ఇప్పటికీ వల దగ్గరికి వచ్చేస్తుంది.

ఇలా ఇంట్లో ఉంచుకోవడం చట్టప్రకారం కూడా నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి జంతువు చేతికొస్తే 48 గంటల్లో అటవీశాఖకో పోలీసులకో చెప్పాలి. మన పల్లెల్లో రామచిలకను పంజరంలో పెట్టడం తప్పని ఇప్పటికీ ఎంతమందికి తెలుసు?

గద్దల సంగతి క్లుప్తంగా. మనకు గాలిపటాలంటే సంక్రాంతి. బెంగళూరులో ఆషాఢంలో గాలి బాగా వీస్తుంది కాబట్టి ఇక్కడివాళ్లు అప్పుడు ఎగరేస్తారు. నైలాన్ మాంజాను నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా ప్రతి ఆషాఢానికీ నల్ల గద్దలు రెక్కలు కోసుకుని వస్తూనే ఉన్నాయి. రెక్క ముందు అంచున పల్చటి చర్మం ఒకటి సాగి ఉంటుంది, దాని లోపలే ఎగరడానికి ఆధారమైన స్నాయువు, తాడులాంటి గట్టి పోగు. దారం ఆ చర్మాన్ని తెంపి స్నాయువు దాకా పోతే ఇక ఆ గద్ద ఎగరదు. ఎగరలేని గద్దను జన్మంతా బోనులో ఉంచాలా, శాశ్వతంగా నిద్రపుచ్చేయాలా అన్నది డాక్టరమ్మ నిర్ణయం. వాలంటీర్లను అడగరు, అడగకపోవడమే నయం. చావులు మామూలే ఇక్కడ. పొద్దున్నే బోర్డు మీద ఒక నంబరుకు ఎదురుగా గీత కొట్టి ఉంటుంది. మొదట్లో అది చూసి రోజంతా ఏమీ తినలేకపోయేదాన్ని. ఇప్పుడు ఆ ట్రే ముందుగా కడుగుతాను, ఇంకోదానికి కావాలి కదా.

అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది మాత్రం బాగున్న పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్లు. ఎగరడం నేర్చుకునే పక్షిపిల్ల రెండు మూడు రోజులు నేలమీదే గెంతుతుంది, తల్లీ తండ్రీ పైనుంచి తిండి తెచ్చి పెడుతుంటాయి. ఈకలు పూర్తిగా వచ్చి, గాయం లేకుండా, చురుగ్గా ఉంటే దాన్ని తీసి దగ్గర్లో కొమ్మమీద పెట్టి, పిల్లి రాకుండా దూరంగా నిలబడి చూస్తే చాలు. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనేది ఉత్త మాట. ఈ సంగతి ఫోన్‌లో చెబితే, "మీకు జాలి లేదా మేడమ్?" అని తిట్టిన వాళ్లున్నారు. ఒకసారి ఒక పెద్ద కంపెనీ వాళ్లు సేవ పేరుతో బస్సు వేసుకుని వచ్చారు, ఒకే రంగు టీషర్టులు, ఒక ఫోటోగ్రాఫర్. ఉడుతలతో ఫోటోలు కుదరవంటే మొహాలు మాడ్చుకుని పేపర్లు మడతపెట్టారు. పేపర్లు మాత్రం బాగానే మడతపెట్టారు, ఆ సంగతి కూడా చెప్పాలి.

ఆఫ్రికా వెళ్లాలన్న కోరిక పోయిందా అంటే పోలేదు. వెళితే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను: పెరిగాక వీటిని ఎక్కడ వదులుతారు, ఇప్పటిదాకా వదిలినవి ఎలా ఉన్నాయి, నన్ను వాటికి ఎంత దూరంలో ఉంచుతారు. మూడోదానికి ‘ఎత్తుకోవచ్చు’ అన్న జవాబొస్తే టికెట్టు కొనను.

బెంగళూరులో ఉండి ఈ పని చేయాలనుకునేవాళ్లు ముందు టీకా వేయించుకోండి, అది పూర్తయ్యేలోపు మీ ఉత్సాహం నిలుస్తుందో లేదో కూడా తేలిపోతుంది. వారాంతాల్లో ఊరెళ్లేవాళ్లకు కుదరదు, తిరుపతి బస్సు ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు మీ బదులు ట్రేలు కడగాలి. రాలేనివాళ్లు పాత టవళ్లు, దుప్పట్లు, అట్టపెట్టెలు ఇవ్వొచ్చు. ఊలు స్వెట్టర్లు వద్దు, పోగుల్లో చిన్న గోళ్లు చిక్కుకుంటాయి. పాత పేపర్లు ఎన్నయినా తీసుకుంటారు, తెలుగైనా కన్నడమైనా పట్టింపు లేదు. నున్నటి కాగితపు మ్యాగజైన్లు మాత్రం తేకండి, అవి తడి పీల్చవు.